వాడినవాళ్ల మాటలు వంద, కొనాల్సిన లెన్స్ ఒకటి

గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న పట్టణంలో పెళ్లి ఫొటోలు తీసే యువకుడు ఈ ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి ఆయన పరిస్థితిని మాత్రమే ఇక్కడ క్లుప్తంగా చెబుతున్నాను.

మేనమామ గారి స్టూడియోలో ఆరేళ్లు పనిచేసి, ఈ ఏడాదే ఆయన సొంతంగా పని మొదలుపెట్టారు. చేతిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న సోనీ ఏ7 మార్క్ 3 కెమెరా, దానితో పాటు వచ్చిన 28-70 మి.మీ. కిట్ లెన్స్, ఒక ఫ్లాష్ ఉన్నాయి. మాఘమాసంలో మూడు పెళ్లిళ్లు ఒప్పుకున్నారు. వాటిలో రెండింటికి ముహూర్తం అర్ధరాత్రి దాటాకే. గత శ్రావణంలో తీసిన ఒక పెళ్లిలో జీలకర్ర బెల్లం ఫొటోలు గ్రెయిన్‌తో, అంటే ఇసుక చల్లినట్టుండే చుక్కలతో, నిండిపోయి, కొన్నిటిలో చేతులు కదిలిపోయి వచ్చాయి. పెళ్లికూతురి తండ్రి ఆ పేజీ దగ్గర ఆగి, ఏమీ అనకుండా ఆల్బమ్ మూసేశారట. ఆ మౌనం తనను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదని రాశారు.

అందుకే ఎక్కువ వెలుతురును లోపలికి తీసుకునే ఎఫ్/2.8 జూమ్ లెన్స్ కొనాలనుకున్నారు. స్నేహితుడైన ఫొటోగ్రాఫర్ ఒకరు తన టామ్రాన్ కంపెనీ 28-75 మి.మీ. మొదటి తరం లెన్స్‌ను 38 వేలకు ఇస్తానంటున్నారు. అదే లెన్స్ రెండో తరం కొత్తది కొంటే 72 వేలవుతుందని దుకాణదారు చెప్పారు. మేనమామ మాత్రం, “కొంటే కెమెరా కంపెనీ లెన్సే కొను, లేకపోతే ఉన్నదానితోనే తియ్యి; టామ్రాన్ పెట్టుకుని వెళితే పెద్ద పెళ్లిళ్లు నీకు రావు” అని తేల్చి చెప్పారు. ఆయన చెప్పిన సోనీ 24-70 జీ మాస్టర్ రెండో తరం ధర 1 లక్షా 90 వేల దాకా ఉంది. చీటీ పాడగా వచ్చిన 40 వేలు చేతిలో ఉన్నాయి. మిగతా లక్షన్నరకు భార్య తన గాజులు తాకట్టు పెట్టమంటున్నారు. తల్లి ససేమిరా వద్దంటున్నారు. ఈ మధ్యలో ఆయన మూడు నెలలుగా ఈ లెన్సులు వాడినవాళ్ల అభిప్రాయాలు చదువుతూనే ఉన్నారు. ఒకరు “ఈ ధరకు ఇంతకంటే మంచిది లేదు” అంటే, మరొకరు “మూలలు సాఫ్ట్‌గా ఉంటాయి, ఫోకస్ తడబడుతుంది, వెడల్పుకు 28 చాలదు” అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి, ఏది కొనాలి, స్నేహితుడి లెన్స్‌ను పరీక్షించి తీసుకుంటే అతను నొచ్చుకుంటాడేమో, మేనమామను కాదంటే ఆయన ముఖం ఎలా చూడాలి అని అడిగారు.

మీ ఉత్తరంలో రెండు చిక్కులు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. ఒకటి లెన్స్‌కు, వెలుతురుకు సంబంధించినది. రెండోది డబ్బుకు, ఇంటి మనుషులకు సంబంధించినది. మొదటిదాన్ని విడదీస్తే రెండోది చాలావరకు తేలికవుతుందని నాకు అనిపిస్తోంది. అందుకే ముందుగా ఆ శ్రావణమాసపు పెళ్లి దగ్గర మొదలుపెడతాను.

ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువగా తెరుచుకుంటుంది. మీ కిట్ లెన్స్ 28 దగ్గర ఎఫ్/3.5 వరకు తెరుచుకుంటుంది, 70కి వెళ్లేసరికి ఎఫ్/5.6కి తగ్గిపోతుంది. ఎఫ్/5.6కీ ఎఫ్/2.8కీ మధ్య తేడా రెండు స్టాపులు, అంటే నాలుగు రెట్ల వెలుతురు. కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (పెంచేకొద్దీ ఫొటో వెలుగూ, గ్రెయినూ పెరిగే సెట్టింగ్) 12800 పెట్టాల్సిన చోట 3200 సరిపోతుంది. లేదా ఐఎస్ఓ అలాగే ఉంచి, షట్టర్‌ను సెకనులో 50వ వంతు నుంచి 200వ వంతుకు పెంచుకోవచ్చు. మీ ఫొటోల్లోని రెండు లోపాలూ, గ్రెయిన్, కదలిక, సరిగ్గా ఇక్కడివే. పైగా కిట్ లెన్స్‌లో జూమ్ చేసిన ప్రతిసారీ అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే కొలత) మారిపోతుంది కాబట్టి మాన్యువల్‌లో తీసేవారికి ముహూర్తం హడావిడిలో ఎక్స్‌పోజర్ చేజారిపోతుంది. జూమ్ అంతటా ఒకే ఎఫ్/2.8 ఉండటం వల్ల ఆ తలనొప్పి పోతుంది. కనుక మీకు ఇలాంటి లెన్స్ అవసరమన్నది నిజమే. “ఉన్నదానితోనే తియ్యి” అన్న సలహాను ఒక్క అంశంలో మాత్రమే ఒప్పుకోగలను: ఫ్లాష్‌ను నేరుగా ముఖాల మీదికి కాకుండా తెల్లటి సీలింగ్ మీదికో గోడ మీదికో తిప్పి వాడటం మీరు ఇంకా సాధన చేయకపోతే, ఏ లెన్స్ కొన్నా అది నేర్చుకోవాల్సిందే. అయితే మండపం మీద పూల పందిరి, పైన నల్లటి సీలింగ్ ఉన్న హాళ్లలో ఫ్లాష్ తిప్పడానికి చోటే దొరకదు. అక్కడ లెన్సే ఆదుకోవాలి.

ఇప్పుడు వాడినవాళ్ల మాటల సంగతి. మీరు చదివిన అభిప్రాయాల్లో చాలావరకు అబద్ధాలు కావు. ఒకే పొలం గురించి వరి వేసినవాడు బంగారమని, మిరప వేసినవాడు పనికిరాదని చెబితే ఇద్దరూ నిజమే చెప్పినట్టు, ఇక్కడా అంతే. ప్రతి అభిప్రాయం వెనుక ఒక కెమెరా, ఒక పని, ఒక తేదీ ఉంటాయి. ఆ మూడూ తెలియకుండా చదివితే వంద అభిప్రాయాలు చదివినా మనసు గందరగోళపడటమే తప్ప ఏమీ తేలదు.

తేదీతోనే మొదలుపెడదాం. టామ్రాన్ 28-75 మొదటి తరం 2018లో వచ్చింది. మొదటి నెలల్లో వీడియో తీసేటప్పుడు ఫోకస్ సరిగా పనిచేయడం లేదన్న ఫిర్యాదులు వచ్చాయి, కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చి దాన్ని సరిచేసింది. మీ కెమెరా కూడా 2018దే. దానికి 2019 ఏప్రిల్‌లో వచ్చిన మూడో ఫర్మ్‌వేర్‌తోనే, వేరే బటన్ నొక్కి పట్టుకోకుండా కంటిని ఎడతెగకుండా పట్టి ఉంచే ఫోకస్ లభించింది. కాబట్టి 2018లో ఎవరైనా “కళ్ల మీద ఫోకస్ నిలవడం లేదు” అని రాసి ఉంటే, వారు వాడిన కెమెరా, లెన్స్ రెండూ ఇప్పుడు మీ చేతిలో ఉండబోయే జోడీ లాంటివి కావు. మీ కెమెరాలో ఏ ఫర్మ్‌వేర్ ఉందో ఈ రోజే మెనూలో చూడండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు కాబట్టి పాతదే ఉండిపోయే అవకాశం ఉంది. ఈ టామ్రాన్ లెన్స్ ఫర్మ్‌వేర్‌ను కూడా కెమెరా ద్వారానే మార్చుకోవచ్చు, వేరే పరికరం అక్కర్లేదు.

తర్వాత, ఏ కెమెరా మీద వాడారన్నది. ఈ లెన్స్‌లో స్టెబిలైజేషన్, అంటే చేయి వణుకును సర్దే ఏర్పాటు, లేదు. సోనీ ఏ6400 లాంటి, బాడీలో స్టెబిలైజేషన్ లేని కెమెరా మీద దీన్ని వాడినవారు “చేయి వణుకు కనిపిస్తుంది” అంటే అది న్యాయమైన ఫిర్యాదే. మీ ఏ7 మార్క్ 3 బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంది కనుక అది మీకు దాదాపు వర్తించదు. అలాగే సోనీ తన కెమెరాల్లో ఇతర కంపెనీల లెన్సులకు సెకనుకు 15 ఫొటోల హద్దు పెట్టిందన్న ఫిర్యాదు చదివి ఉంటారు. అది నిజమే, కానీ మీ కెమెరా తీయగలిగిందే సెకనుకు 10. ఏ9, ఏ1 ఉన్నవారి బాధ అది. మీరు దాన్ని మీ మీద వేసుకోనక్కర్లేదు.

ఇక పని గురించి. “మూలలు సాఫ్ట్” అన్న మాట కొండలు, మేడలు తీసేవారి నోట ఎక్కువగా వినిపిస్తుంది. వారికి ఫొటో నాలుగు మూలల్లోనూ వివరం కావాలి. ఎఫ్/2.8 దగ్గర ఈ లెన్స్ మధ్యభాగం బాగా షార్ప్‌గా ఉంటుందని, అంచులు కొంత వెనకబడతాయని, ఎఫ్/5.6కి వెళితే సర్దుకుంటాయని చెప్పేవారి మాటే నాకు సమంజసంగా అనిపిస్తుంది. ఈ తరగతి జూమ్‌లలో అధికభాగం తీరు ఇదే. ఇప్పుడు మీ పనిలో ఎఫ్/2.8 ఎప్పుడు వాడతారో ఆలోచించండి. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు. వీటిలో చూసేవారి దృష్టి ముఖాల మీద, చేతుల మీద ఉంటుంది. మూలల్లో ఉండేది అరటి చెట్టు ఆకో, వీడియో వాళ్ల లైటు స్టాండో. మూలలు ముఖ్యమయ్యే ఫొటో ఒక్కటే ఉంది: స్టేజీ మీద రెండు కుటుంబాలూ వరుసగా నిలబడే గ్రూప్ ఫొటో. చివరన నిలబడిన పెదనాన్న గారి ముఖం అస్పష్టంగా ఉంటే ఆ ఇంట్లో అది ఎప్పటికీ గుర్తుండిపోతుంది. కానీ గ్రూప్ ఫొటోను ఎఫ్/2.8లో ఎవరూ తీయకూడదు. ఫ్లాష్ వేసి ఎఫ్/5.6 లేదా ఎఫ్/8 పెట్టి తీస్తారు, అక్కడ ఈ ఫిర్యాదు కరిగిపోతుంది. మీ 24 మెగాపిక్సెల్ ఫొటోను 300 డీపీఐలో ప్రింట్ చేస్తే పొడవు 20 అంగుళాలు వస్తుంది. 12 బై 36 ఆల్బమ్ షీటులో నాలుగైదు ఫొటోలు అమర్చినప్పుడు ఒక్కొక్కటి దానిలో సగం సైజు కూడా ఉండదు. తెర మీద వంద శాతం పెంచి మూలలు చూసేది మీరూ నేనూ మాత్రమే, పెళ్లివారు కాదు.

“షార్ప్‌గా లేదు” అన్న ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం లెన్స్ కానే కాదు, లోతు. 70 మి.మీ. దగ్గర ఎఫ్/2.8లో ఆరేడు అడుగుల దూరం నుంచి తీస్తే, ముందూ వెనకా కలిపి స్పష్టంగా వచ్చే లోతు అయిదారు అంగుళాలకు మించదు. పది అడుగుల దూరం నుంచి తీసినా ఒక అడుగు. మాంగల్యధారణ వేళ పెళ్లికొడుకు ముఖం పెళ్లికూతురి ముఖానికి ఎంత వెనకగా ఉంటుందో మీకు తెలుసు. ఒకరి కన్ను దొరికితే మరొకరిది జారుతుంది. కిట్ లెన్స్‌కు అలవాటుపడి కొత్తగా ఎఫ్/2.8 చేతిలోకి తీసుకున్నవారు దీన్ని లెన్స్ లోపమనుకుని రాస్తుంటారు. రెండు ముఖాలూ కావాల్సిన క్షణంలో ఎఫ్/4కి తగ్గడం, లేదా ఇద్దరూ సమాన దూరంలో ఉండేలా పక్కకు జరగడం, ఇవి చేతికి రావాలి. ఈ విషయంలో 1 లక్షా 90 వేల లెన్స్ కూడా మీకు అదే అయిదారు అంగుళాలు ఇస్తుంది.

ఇక 28 చాలదన్న మాట. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే పెళ్లి మండపంలో అది నిజంగా తగిలే ఇబ్బంది. పది అడుగుల దూరం నుంచి 24 మి.మీ. దాదాపు పదిహేను అడుగుల వెడల్పును పట్టుకుంటుంది. 28 అయితే పదమూడు అడుగుల లోపే. అదే పదిహేను అడుగులు రావాలంటే 28తో మీరు అడుగున్నర పైగా వెనక్కి జరగాలి. ఖాళీ హాల్లో అది లెక్కలోది కాదు. కానీ వెనక వీడియో ట్రైపాడ్, పక్కన లైటు పట్టుకున్న కుర్రాడు, ఇంకా వెనక మండపం అంచు ఉన్నప్పుడు ఆ అడుగున్నర దొరకకపోవచ్చు. అయితే మీకు ఒక సౌకర్యం ఉంది: మీ కిట్ లెన్స్ కూడా 28 దగ్గరే మొదలవుతుంది. ఇంతవరకు తీసిన పెళ్లిళ్లలో “ఇంకా వెడల్పు ఉంటే బాగుండును” అని మీరు ఎన్నిసార్లు అనుకున్నారో ఎవరి అభిప్రాయమూ చదవకుండానే తెలుసుకోవచ్చు. ఫొటోలు సర్దుకునే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో లైబ్రరీ ఫిల్టర్‌కు వెళ్లి, మెటాడేటాలో ఫోకల్ లెంగ్త్ ప్రకారం మీ పాత ఫొటోలను విడదీయండి. 28 దగ్గరే గుట్టగా పడి ఉంటే, వాటిలో ఎన్నిటిలో మనుషులు అంచున తెగిపోయారో చూడండి. 50, 70 దగ్గర ఎక్కువగా ఉంటే 24 గురించిన దిగులు మీది కాదు. అదే చోట ఐఎస్ఓ, షట్టర్ స్పీడ్ కూడా చూస్తే ఎఫ్/2.8 మీకు ఎన్ని ఫొటోల్లో పనికొచ్చేదో అర్థమవుతుంది. మూడు నెలల చదువు ఇవ్వని జవాబు మీ హార్డ్ డిస్క్ ఒక సాయంత్రంలో ఇస్తుంది.

28 దగ్గర ఎందుకు మొదలుపెట్టారన్నదీ తెలుసుకోవడం మంచిది. ఆ నాలుగు మిల్లీమీటర్లు వదులుకోవడం వల్లనే లెన్స్ చిన్నదిగా, చవకగా వచ్చింది. మొదటి తరం టామ్రాన్ బరువు 550 గ్రాములు, ముందు పట్టే ఫిల్టర్ 67 మి.మీ. ఎఫ్/2.8 తోనే 24 దగ్గర మొదలయ్యే సిగ్మా కంపెనీ 24-70 ఆర్ట్, 2019లో సోనీ కెమెరాలకు బిగించేలా వచ్చినది, దాదాపు 830 గ్రాములు, ఫిల్టర్ 82 మి.మీ. సాయంత్రం ఎదుర్కోలు నుంచి తెల్లవారి అప్పగింతల దాకా చేతిలో మోసేవారికి ఆ తేడా మణికట్టులో తెలుస్తుంది. మీరు చెప్పిన జాబితాలో సిగ్మా లేదు కానీ, మీ ఫొటోలు చూశాక 24 తప్పనిసరి అని తేలితే, జీ మాస్టర్ కంటే ముందు దీన్ని అడిగి చూడండి. 24 అప్పుడప్పుడే కావాలనుకుంటే మరో దారి కూడా ఉంది. టామ్రాన్‌లోనే 17-28 మి.మీ. ఎఫ్/2.8 ఉంది, 420 గ్రాములు, అదే 67 ఫిల్టర్. పని పెరిగాక ఒక సీజన్ తర్వాత అది చేర్చుకోవచ్చు.

మొదటి తరమా, రెండో తరమా అన్నది మీ అసలు నిర్ణయం కాబట్టి దాని మీద కొంచెం ఆగుతాను. 2021లో వచ్చిన రెండో తరంలో ఫోకస్ మోటార్ మారింది; మునుపటి కంటే దాదాపు రెట్టింపు వేగమని కంపెనీ చెప్పింది. లోపలి అద్దాల అమరిక కూడా కొత్తది. లెన్స్ మీద ఒక బటన్, ఫర్మ్‌వేర్ మార్చుకోవడానికి యూఎస్‌బీ సాకెట్ వచ్చాయి. బరువు దాదాపు అదే, 540 గ్రాములు. తలంబ్రాలు, బారాత్ డ్యాన్సులు లాంటి వేగమైన పనిలో ఆ మోటార్ తేడా కనిపిస్తుంది. మండపంలో కూర్చున్నవారిని తీయడంలో పెద్దగా కనిపించదు. మీరు వీడియో కూడా చేస్తారా అన్నది రాయలేదు. చేస్తుంటే రెండో తరం వైపు నా మొగ్గు పెరుగుతుంది. కేవలం ఫొటోలే అయితే, మంచి స్థితిలో ఉన్న మొదటి తరం లెన్స్ మీ మాఘమాసపు మూడు పెళ్లిళ్లనూ నిలబెడుతుందని నమ్ముతున్నాను. అయితే “మంచి స్థితిలో ఉన్న” అన్న షరతును గట్టిగా పట్టుకోండి.

ఎందుకంటే ఇలాంటి లెన్సుల మీద వచ్చే చెడు అభిప్రాయాల్లో ఒక రకం ఆ మోడల్ గురించి కాక, ఆ ఒక్క పీసు గురించి ఉంటుంది. లోపల ఒక గాజు కొద్దిగా పక్కకు ఒరిగితే ఫొటోలో ఒకవైపు షార్ప్‌గా, మరోవైపు సాఫ్ట్‌గా వస్తుంది. ఒకసారి కింద పడిన లెన్స్‌లో ఇది జరిగే అవకాశం ఎక్కువ. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, ఒక ఇటుక గోడకు సరిగ్గా ఎదురుగా నిలిపి 28, 50, 75 దగ్గర ఎఫ్/2.8లో తీసి నాలుగు మూలలూ పోల్చండి. నాలుగూ ఒకేలా కొద్దిగా సాఫ్ట్‌గా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం. ఒక మూల మాత్రమే బాగా తగ్గితే అది దెబ్బ తిన్న పీసు, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. తర్వాత సెల్‌ఫోన్ టార్చ్‌ను వెనక వైపు నుంచి ఏటవాలుగా వేసి లోపల చూడండి. నాలుగు దుమ్ము రేణువులు ఉంటే భయపడనక్కర్లేదు, ఫొటోలో కనిపించవు. సాలెగూడు దారాల్లా కొమ్మలు వేసినట్టు ఏదైనా కనిపిస్తే అది ఫంగస్. గోదావరి తీరపు తేమలో, బ్యాగులోనే ఏళ్ల తరబడి ఉంచిన లెన్సులకు ఇది సాధారణమే, కానీ అది ఆగేది కాదు. జూమ్ రింగ్ మొదటి నుంచి చివరి వరకు ఒకే బిగువుతో తిరగాలి. కెమెరాకు బిగించే మౌంట్ దగ్గర వదులు ఉండకూడదు. మసక వెలుతురులో కళ్ల మీద ఫోకస్ పదే పదే ముందుకూ వెనక్కీ వెతుక్కోకూడదు.

ఇవన్నీ చేస్తే స్నేహితుడు నొచ్చుకుంటాడని మీ భయం. ఆ మొహమాటం నాకు అర్థమవుతుంది, మన ఊళ్లలో తెలిసినవారి దగ్గర వస్తువు కొనేటప్పుడు ఇదే వస్తుంది. కానీ పరీక్షించకుండా తీసుకుని, మాఘంలో ముహూర్తం వేళ అది మొరాయిస్తే, అప్పుడు లెన్సూ స్నేహమూ రెండూ పోతాయి. ఆయనతో ఇలా అనవచ్చు: “అన్నా, ఈ వారం చిన్న ఫంక్షన్ ఒకటి ఉంది. దానికి నీ లెన్స్ అద్దెకు ఇవ్వు. నా చేతికి కుదిరితే అద్దె పోను మిగతాది ఇచ్చి తీసుకుంటాను.” తోటి ఫొటోగ్రాఫర్‌కు అందులో అవమానం ఏమీ ఉండదు, అద్దెలు ఇచ్చిపుచ్చుకోవడం ఈ వృత్తిలో రోజూ జరిగేదే. ఆ ఫంక్షన్ తీసిన మర్నాడు గోడ పరీక్ష ఇంట్లోనే చేసుకోండి. కొనేటప్పుడు అసలు బిల్లు, సీరియల్ నంబర్ రాసిన చీటీ అడగండి. అది కూడా అపనమ్మకం కాదు, రేపు మీరు దాన్ని అమ్మాల్సి వచ్చినప్పుడు అవసరమవుతుంది. ఆయన అద్దెకూ పరీక్షకూ ఒప్పుకోకపోతే, మర్యాదగానే వదిలేయండి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్ లెన్సులు ఇంకా ఉంటాయి.

ఇప్పుడు మేనమామ గారి మాట. ఆయనను ఈ కథలో అడ్డుపడే మనిషిగా నేను చూడలేను, ఆరేళ్లు మీకు పని నేర్పిన మనిషి. ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది. జీ మాస్టర్ రెండో తరం చాలా మంచి లెన్స్. 24 దగ్గర మొదలవుతుంది, అయినా 695 గ్రాములే. కెమెరా కంపెనీదే కాబట్టి ఏ హద్దులూ ఉండవు. తిరిగి అమ్మినా ధర నిలుస్తుంది. పెద్ద పెళ్లిళ్ల బేరాల్లో “ఏ కెమెరాలు, ఏ లెన్సులు” అని అడిగేవారూ ఉన్నారు. కాకపోతే ఆయన మాట్లాడుతున్నది ఇరవై ఏళ్ల పేరున్న స్టూడియో గద్దె మీద నుంచి అయి ఉండాలి. మీరు నిలబడింది మొదటి ఏడాది మెట్టు మీద. ఆయనకు వచ్చే పెళ్లివారు లెన్స్ అడుగుతారేమో, మీ దగ్గరకు వచ్చేవారు ముందుగా మీ ఆల్బమ్ అడుగుతారు.

డబ్బు లెక్క చూడండి. గాజుల మీద లక్షన్నర, నూటికి రూపాయి వడ్డీకి దొరికినా నెలకు 1,500, ఏడాదికి 18 వేలు, అసలు అలాగే ఉంటుంది. బయట నూటికి రెండు రూపాయలైతే అది 36 వేలు, అంటే దాదాపు మీ స్నేహితుడి లెన్స్ ధర. ఆషాఢంలో, పుష్యంలో, మూఢం వచ్చిన రోజుల్లో పెళ్లిళ్లు ఆగిపోతాయి, వడ్డీ ఆగదు. మీ మూడు పెళ్లిళ్ల అడ్వాన్సులో ఆల్బమ్ ఖర్చు, అసిస్టెంట్ జీతం పోగా ఏం మిగులుతుందో మీకే తెలుసు. ఆ మిగులు నుంచి ఏడాదిలో గాజులు విడిపించగలనని కాగితం మీద లెక్క తేలితే, ఆ దారి తప్పని నేను చెప్పను. తేలకపోతే ఆ లెన్స్ ఎంత గొప్పదైనా, దాన్ని చూసిన ప్రతిసారీ మీకు మీ ఇల్లాలి చేతులు గుర్తొస్తాయి. ఆమె ఇస్తానన్నది మీ మీద నమ్మకంతో. మీ అమ్మగారు వద్దన్నది కోడలి మీద పట్టింపుతో. ఇద్దరూ మీ మేలే కోరుతున్నారు కాబట్టి వారిలో ఎవరు గెలిచారన్న మాట ఇంట్లో రానివ్వకండి. గాజుల విషయం ఈ ఏడాదికి వాయిదా అని మీరే స్వయంగా, ఇద్దరూ ఉన్నప్పుడు చెప్పండి.

రెండో తరం టామ్రాన్ కొనాలంటే మీకు 32 వేలు తక్కువ. దానికి వాయిదాల పద్ధతి ఉంటే, ఆ నెలసరి కిస్తీ పెళ్లిళ్లు లేని నెలలోనూ కట్టగలిగేంత ఉంటేనే వెళ్లండి. కొత్తది కాబట్టి భారతదేశపు వారంటీ కార్డు, జీఎస్టీ బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. ఏమీ కొనకుండా ఈ మాఘం మూడు పెళ్లిళ్లకు జీ మాస్టర్‌నే అద్దెకు తెచ్చుకోవడం కూడా ఒక మార్గమే. ముహూర్తాల రోజుల్లో అందరికీ అదే కావాలి కనుక ముందే చెప్పి ఉంచాలి, డిపాజిట్ అడుగుతారు, దెబ్బ తగిలితే భారం మీదే. కానీ మేనమామ గారు చెప్పిన లెన్స్‌తో ఒక పెళ్లి తీసి, స్నేహితుడి లెన్స్‌తో మరో ఫంక్షన్ తీసి, రెండింటి ప్రింట్లు పక్కపక్కన పెట్టి చూస్తే, మీ చేతిలో ఆ లక్షన్నర తేడా ఎంత కనిపిస్తోందో తేలిపోతుంది.

నా మొగ్గు అడిగారు కాబట్టి దాచను. పరీక్షలో నెగ్గితే స్నేహితుడి 38 వేల లెన్స్ తీసుకోవడం మీ ఇప్పటి పరిస్థితికి అన్నిటికంటే నప్పుతుంది. అప్పు ఉండదు, శ్రావణంలో మీకు లోటైన ఆ రెండు స్టాపులు చేతికి వస్తాయి, ఒకటి రెండు సీజన్ల తర్వాత మరో లెన్స్‌కు మారాలనుకున్నా పెద్ద నష్టం లేకుండా అమ్ముకోవచ్చు. పరీక్షలో ఓడితే రెండో తరం కొత్తది, అదీ కిస్తీ భరించగలిగితేనే, లేకపోతే అద్దె. మీ పాత ఫొటోల లెక్క 24 వైపు గట్టిగా చూపిస్తే మాత్రం ఈ వరుస మారుతుంది, అప్పుడు సిగ్మా ముందుకు వస్తుంది.

మేనమామ గారికి ఈ నిర్ణయం మీ నోటితోనే, లెన్స్ కొనకముందే చెప్పండి. “మీ మాట కాదనలేదు మామయ్యా, గాజులు తాకట్టు పెట్టకుండా అక్కడికి చేరాలనుకుంటున్నాను” అంటే చాలు. వీలైతే ఆ రెండు ప్రింట్లూ తీసుకుని వెళ్లి, ఏది ఏ లెన్స్‌తో తీశారో ముందుగా చెప్పకుండా ఆయన ముందు పెట్టి అభిప్రాయం అడగండి. ఇన్నేళ్లు ఆల్బమ్‌లు తిప్పిన కళ్లవి. మీరు మూడు నెలలుగా చదివిన అభిప్రాయాలన్నిటికంటే ఆయన చూసి చెప్పేది విలువైనది. తేడా బాగా ఉందని ఆయన ఎక్కడైనా వేలు పెట్టి చూపిస్తే, ఆ చోటును శ్రద్ధగా గమనించండి, అది లెన్స్ వల్ల వచ్చిందో, లైటు వల్ల వచ్చిందో ఆయనే చెప్పగలరు.

ఏ లెన్స్ తీసుకున్నా, మాఘంలోని మొదటి పెళ్లికి కనీసం రెండు వారాల ముందే చేతిలో ఉండేలా చూసుకోండి. ఇంట్లో రాత్రిపూట ఒకే బల్బు వెలుతురులో మీ వాళ్లనే కూర్చోబెట్టి ఎఫ్/2.8, ఎఫ్/4 రెండింటిలోనూ ఇద్దరి ముఖాలు తీసి, లోతు ఎక్కడ జారుతోందో కంటికి పట్టించుకోండి. హోమం పొగ, పసుపు, అక్షింతల నుంచి ముందు గాజును కాపాడటానికి ఆ లెన్స్‌కు సరిపడే ఒక మంచి ఫిల్టర్ పెట్టండి. పెళ్లి నుంచి వచ్చాక తడి బ్యాగులో వదిలేయకుండా, సిలికా జెల్ వేసిన, గాలి చొరని డబ్బాలో ఉంచండి. పాత కిట్ లెన్స్‌ను ఇప్పుడే అమ్మవద్దు. దానికి వచ్చే డబ్బు తక్కువ, అర్ధరాత్రి ముహూర్తానికి కొత్త లెన్స్ ఏ కారణంగానైనా ఆగిపోతే బ్యాగులో ఉండాల్సింది అదే.